‘రేస్’ అనే లాటిన్ మాటను చదవడం ఎలా

మీ మెయిల్ ఒకసారి తెరవండి. సగం మెయిళ్ల సబ్జెక్టు మొదట్లో ‘ఆర్ఈ’ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు, పక్కన రెండు చుక్కలు కనిపిస్తాయి. రిప్లై అన్న మాటను పొట్టిగా రాశారనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నిజానికి అది లాటిన్. ‘రేస్’ అనే నామవాచకానికి ఒక విభక్తి రూపం. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఒకటుంది, 2008లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 అని. ఇది ‘ఇన్ రే’ అనే లాటిన్ మాటకు పొట్టి రూపమని, ‘ఫలానా విషయంలో’ అని దీని అర్థమని అందులో రాసే ఉంది.

రిపబ్లిక్‌లో ఉన్నదీ ఈ మాటే. రియల్ ఎస్టేట్‌లో ఉన్నదీ ఇదే. లా చదివే పిల్లలు బట్టీ కొట్టే రెస్ జ్యుడికేటా, రెస్ జెస్టే, ఇన్ రెమ్ అన్నిటిలోనూ ఇదే.

నేను ఇంగ్లిష్ తీర్పుల్ని తెలుగు చేస్తుంటాను. మొదట్లో ఓ అనువాదంలో ‘జడ్జ్‌మెంట్ ఇన్ రెమ్’ అని వస్తే, ‘ఈ విషయంలో ఇచ్చిన తీర్పు’ అని రాసి పంపేశాను. ఒక సీనియర్ లాయరుగారు ఫోన్ చేసి, ‘ఏమండీ, ఏదో ఒక విషయంలో ఇవ్వని తీర్పు ఎక్కడైనా ఉంటుందా?’ అన్నారు. అప్పుడు తెలిసింది, నేను ‘ఇన్ రెమ్’నీ ‘ఇన్ రే’నీ ఒకటే అనుకున్నానని. ఒక్క మకారం తేడా. ఆ తేడాలో అర్థమంతా తారుమారైపోయింది. ఆ తర్వాత ఈ మాటను ఓపిగ్గా చదువుకున్న పద్ధతినే కింద రాస్తున్నాను. లాటిన్ అసలు రానివాళ్లకు కూడా ఇది సరిపోతుంది.

మొదట సరిగ్గా పలకండి

ప్రాచీన రోమన్ ఉచ్చారణలో ఇది ‘రేస్’, దీర్ఘం ఉంది. నిఘంటువుల్లో ఆ అచ్చు మీద అడ్డగీత పెట్టి చూపిస్తారు. గుర్రప్పందెం రేసుతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, వినడానికి ఒకేలా ఉంటుందంతే. మన కోర్టుల్లో మాత్రం ‘రెస్’ అని హ్రస్వంగానే అంటారు. కోర్టులో కోర్టు పలికినట్టే పలకండి, అక్కడ దీర్ఘం తీసి పాండిత్యం చూపిస్తే నవ్వుతారు. కానీ చదువుకునేటప్పుడు దీర్ఘం ఎక్కడుందో, హ్రస్వం ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. త్వరలోనే పనికొస్తుంది.

నిఘంటువు చూడండి, అర్థాల జాబితాను మాత్రం కాసేపు పక్కనపెట్టండి

1879లో అచ్చయిన, లూయిస్, షార్ట్ అనే ఇద్దరు కూర్చిన లాటిన్ నిఘంటువు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఈ మాట దగ్గర ముందు మూడు సంగతులుంటాయి: రేస్, రెఈ, స్త్రీలింగం. మొదటిది ప్రథమా విభక్తి, రెండోది షష్ఠి, మూడోది లింగం. లాటిన్ నామవాచకం ఏదైనా ఇలాగే ఇస్తారు. షష్ఠి రూపం తెలిస్తే మిగతా రూపాలు ఏ కోవలో నడుస్తాయో తెలిసిపోతుంది.

వస్తువుకు స్త్రీలింగమేమిటి అని ఇంగ్లిష్ వాళ్లు తల గోక్కుంటారు. మనకు అంత ఇబ్బంది లేదు. ‘అమ్మ వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అని రెండిటికీ ఒకే క్రియ వాడే భాష మనది. లింగం ఎందుకు చూడమంటున్నానంటే, పక్కన వచ్చే విశేషణం దాన్ని బట్టే మారుతుంది. పుబ్లికా, యుడికాటా, ఇప్సా అని చివర ‘ఆ’ వచ్చేది రేస్ స్త్రీలింగం కాబట్టే.

ఆ కింద అర్థాలు మొదలవుతాయి: వస్తువు, సంగతి, విషయం, వ్యవహారం, ఆస్తి, లాభం, కారణం, వ్యాజ్యం, నిజం... చదువుతూ పోతే ఇన్ని అర్థాలున్న మాటకు అసలు అర్థమే లేదేమో అనిపిస్తుంది. టెన్షన్ పడకండి. మన ‘సంగతి’ని తలుచుకోండి. ‘పెళ్లి సంగతి ఏం చేశారు?’ అంటే సంబంధం కుదిరిందా అని. ‘వాడి సంగతి తేలుస్తా’ అంటే బెదిరింపు. ‘అసలు సంగతి ఇదీ’ అంటే నిజం. త్యాగరాజ కృతిలో సంగతులంటే పూర్తిగా వేరే కథ. ఈ అర్థాలన్నీ మనకు ఎవరూ జాబితా రాసి నేర్పలేదు, పక్కమాటను బట్టి పట్టుకున్నాం. రేస్‌నీ అలాగే పట్టుకోవాలి.

విభక్తులు నేర్చుకోండి, పావుగంట పని

ఏకవచనంలో ప్రథమ రేస్, ద్వితీయ రెమ్, షష్ఠి రెఈ, చతుర్థి కూడా రెఈ, ఆఖరుది రే. బహువచనంలో ప్రథమా ద్వితీయా రెండూ రేస్, షష్ఠి రేరుమ్, చతుర్థీ ఆఖరుదీ రేబుస్.

ఆ ఆఖరుదాన్ని లాటిన్ వ్యాకరణంలో అబ్లేటివ్ అంటారు. మన తృతీయ, పంచమి, సప్తమి మూడూ చేసే పని అదొక్కటే చేస్తుంది. చేత, తో, వలన, లో అన్నీ అందులోనే. కాబట్టి ‘రే’ కనిపిస్తే ఈ నాలుగు ప్రత్యయాల్లో ఏది అతుకుతుందో సందర్భాన్ని బట్టి చూసుకోవాలి.

సంస్కృతం కొంచెం చదివినవాళ్లకు ఇక్కడ ఒక చిన్న బహుమతి ఉంది. శబ్దమంజరిలో ఐకారాంత పుంలింగ ‘రై’ శబ్దం వల్లెవేసిన రోజులు గుర్తున్నాయా? రాః, రాయౌ, రాయః. ధనమని అర్థం. అమరకోశంలో ధనానికి పర్యాయపదాలు చెబుతూ ‘అర్థ రై విభవా అపి’ అన్నచోట ఉన్న రై అదే. లాటిన్ రేస్, సంస్కృత రై ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. పక్కపక్కన పెట్టి చూడండి: రాః, రేస్. వేదంలోని ద్వితీయ రామ్, లాటిన్‌లో రెమ్. చతుర్థీ బహువచనం రాభ్యః, లాటిన్‌లో రేబుస్. బట్టీ పట్టిన రోజుల్లో ఈ రై శబ్దం ఎక్కడ పనికొస్తుందిరా బాబూ అనుకున్నవాడిని నేను. పనికొచ్చింది.

సంస్కృతంలో ఆ మాట ధనం దగ్గరే ఆగింది. లాటిన్‌లో ధనం నుంచి వస్తువుకు, వస్తువు నుంచి వ్యవహారానికి, అక్కడి నుంచి ఏ సంగతికైనా సరే పాకింది. మన ‘అర్థం’ కూడా అటువంటిదే కదా. అర్థశాస్త్రంలో అర్థం ఒకటి, పదానికి అర్థం ఒకటి, పదార్థంలో అర్థం మరొకటి.

‘ఇన్’ ఉంటే చివరి అక్షరం చూడండి

నేను బోల్తా పడింది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను.

లాటిన్‌లో ‘ఇన్’ అనే చిన్నమాట తర్వాత ద్వితీయ వస్తే ‘లోకి’ లేదా ‘మీదికి’ అని అర్థం, కదలిక ఉంటుంది. అబ్లేటివ్ వస్తే ‘లో’, కదలిక లేదు. ‘ఇంట్లోకి’, ‘ఇంట్లో’ అన్న తేడా మనకు పుట్టుకతో వచ్చింది. దాన్నే ఇక్కడ పెట్టుకోండి.

ఇన్ రే: సంగతిలో. ఫలానా విషయంలో.

ఇన్ రెమ్: వస్తువు మీదికి. దావా మనిషి మీద కాదు, వస్తువు మీదే.

వస్తువు మీద దావా ఏమిటి అనిపిస్తుంది. దీనికి మన విశాఖపట్నం రేవులోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984లో గోవాలోని మార్మగోవా రేవులో సరుకు ఎక్కించుకుని, బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు అందిందని ఓడవాళ్లు ఇచ్చే పత్రం, ఇవ్వకుండానే వెళ్లిపోయింది. ఓడ యజమాని విదేశీ కంపెనీ, ఇక్కడ ఆఫీసు కూడా లేదు. సరుకు పంపినవాళ్లు ఎవరిని పట్టుకోవాలి? ఆ ఓడ విశాఖకు వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఓడనే అరెస్టు చేయించింది. నిజంగానే ‘అరెస్ట్’ అనే మాటే వాడతారు. యజమాని పరుగున వచ్చి పూచీకత్తు కట్టాడు, ఓడ కదిలింది. ఆ హైకోర్టుకు అసలు ఈ అధికారం లేదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో సుప్రీంకోర్టు అధికారం ఉందని తేల్చింది. ఇన్ రెమ్ అంటే ఇదీ. మనిషి దొరక్కపోయినా వస్తువు దొరికితే చాలు.

ఇక ‘జడ్జ్‌మెంట్ ఇన్ రెమ్’ అంటే ఇద్దరు కక్షిదారుల మధ్య ఆగిపోయే తీర్పు కాదు, లోకమంతటికీ వర్తించేది. ప్రొబేట్ (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం), వివాహబంధం, ఓడలు, దివాలా వంటి వాటిలో ఇచ్చే తీర్పులు కొన్ని ఇలా ఉంటాయి. ఒకరు దివాలా తీశారని కోర్టు ప్రకటిస్తే ఆ మాట మీకూ నాకూ అందరికీ చెల్లుతుంది. నేను రాసిన ‘ఈ విషయంలో ఇచ్చిన తీర్పు’ ఎంత తెలివితక్కువగా ఉందో ఇప్పుడు మీకూ తెలిసింది.

‘ఇన్ రే’ని మాత్రం ‘విషయంలో’ అనే అనవచ్చు. 1960 నాటి బేరుబారి కేసు పేరు ‘ఇన్ రే: బేరుబారి యూనియన్’. అక్కడ వాది ప్రతివాది లేరు, రాష్ట్రపతి సుప్రీంకోర్టును సలహా అడిగారంతే. అందుకే ‘వర్సెస్’ లేదు.

పక్కమాటను పట్టుకోండి

రేస్ ఒంటరిగా వచ్చేది తక్కువ. జంటగా వచ్చినప్పుడు రెండో మాటే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

రేస్ పుబ్లికా అంటే ప్రజలకు చెందిన వ్యవహారం, అంటే రాజ్యం. రేస్ పుబ్లికా అంటే రేస్ పోపులీ, జనం సొత్తు, అని రోమన్ వక్త సిసెరో నిర్వచించాడు. 1950 జనవరి 26 నుంచి మనం పెట్టుకున్న పేరు దీని నుంచి వచ్చిందే. రేస్ ఫమిలియారిస్ అంటే ఇంటి ఆస్తి. రేస్ రూస్టికా వ్యవసాయం. రేస్ మీలిటారిస్ యుద్ధవిద్య. రేస్ డివీనా దేవుడి పని, అంటే పూజ, బలి. ‘వంట పని’, ‘పొలం పని’ అని మనం అంటే ఎలాగో అలాగే.

నాకు బాగా నచ్చిన జంట రేస్ నొవే. అక్షరాలా ‘కొత్త సంగతులు’. రోమన్లకు మాత్రం తిరుగుబాటు, రాజ్యం తలకిందులు కావడం అని అర్థం. మనం కొత్తొక వింత, పాతొక రోత అంటాం. వాళ్లు కొత్త అంటేనే ఉలిక్కిపడేవాళ్లు. 1891 మేలో పోప్ 13వ లియో కార్మికుల బతుకుల గురించి ఇచ్చిన లేఖ ‘రేరుమ్ నొవారుమ్’ అన్న మాటలతోనే మొదలవుతుంది. షష్ఠీ బహువచనం, ‘కొత్త సంగతుల’ అని. దాన్ని ‘కొత్త విషయాల గురించి’ అని అనువదించి వదిలేస్తే అసలు వేడి పోతుంది.

ఇంకో జంట రేస్ గెస్టే, జరిగిన సంగతులు లేక చేసిన పనులు. దీనికి రెండు జీవితాలున్నాయి. అగస్టస్ చక్రవర్తి తాను చేసిన ఘనకార్యాలన్నీ రాయించిన శాసనం పేరులో ఇది ఉంది. రోములోని కంచు పలకలు పోయాయి కానీ, టర్కీలో అంకారా గుడి గోడ మీద లాటిన్‌లోనూ గ్రీకులోనూ చెక్కిన ప్రతి మిగిలింది. రెండో జీవితం మన కోర్టుల్లో, రెస్ జెస్టే అనే ఉచ్చారణతో. ఒకడు ఇంకొకణ్ని కొడుతున్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు వేసిన కేకలు కూడా ఆ సంఘటనలో భాగమే, సాక్ష్యంగా చూడవచ్చు అన్న సూత్రం. 1872 సాక్ష్య చట్టంలో 6వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 4వది. తమాషా ఏమిటంటే, సెక్షన్‌లో ఈ లాటిన్ మాట ఎక్కడా లేదు, లాయర్ల నోట్లో మాత్రమే ఉంది.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. రోమన్ న్యాయశాస్త్రంలో రేస్ అంటే చేతికి తగిలే వస్తువులూ, హక్కుల వంటి తగలనివీ. 2వ శతాబ్దపు న్యాయవేత్త గాయుస్ తగిలేవాటికి ఉదాహరణలిస్తూ పొలం, మనిషి, బట్ట, బంగారం, వెండి అని వరసగా రాశాడు. ఆ మనిషి బానిస. ఎక్కడైనా ‘రేస్’ని ‘వస్తువు’ అని తెలుగు చేసేటప్పుడు ఆ జాబితాలో మనిషి ఉన్నాడేమో చూసుకుని చేయండి.

కోర్టు మాటల్ని విడగొట్టి చదవండి

రెస్ జ్యుడికేటా: తీర్పయిన సంగతి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్. ఒకసారి తేలిపోయిన తగాదాను అదే మనుషులు మళ్లీ తవ్వకూడదు.

రెస్ సబ్ జ్యుడిస్: న్యాయమూర్తి ముందున్న సంగతి. పక్కనే 10వ సెక్షన్. ఇంకా తేలలేదు.

రెస్ నుల్లియుస్: ఎవరిదీ కాని వస్తువు. సముద్రంలో చేప, అడవిలో పక్షి. పట్టుకున్నవాడిదే అన్నది రోమన్ల పద్ధతి.

రెస్ ఇప్సా లోక్విటుర్: సంగతి తానే మాట్లాడుతుంది. 1863 నాటి ఇంగ్లిష్ కేసుతో ఇది పేరు తెచ్చుకుంది. లివర్‌పూల్‌లో ఒకాయన పిండి కొట్టు పక్కనుంచి నడిచి వెళుతుంటే పై కిటికీలోంచి పిండి పీపా మీద పడింది. ఎవరు తోశారో చూసినవాళ్లు లేరు. పీపా దానంతట అది కిటికీలోంచి దూకదు కదా, కాబట్టి అజాగ్రత్త లేదని కొట్టువాడే నిరూపించుకోవాలన్నారు న్యాయమూర్తి. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అన్నట్టు. ఇందులో లోక్విటుర్ అనే క్రియ చూడండి, రూపం కర్మణిప్రయోగంలా ఉంటుంది, అర్థం మాత్రం కర్తరి. సంస్కృతంలో ఆత్మనేపది ధాతువులు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇంగ్లిష్ మాటల్లో పసిగట్టండి, మోసపోకండి

రియల్, రియాలిటీ రెండూ రేస్ పిల్లలే. పేపర్లో ‘రియల్ వ్యాపారి అరెస్ట్’ అని హెడ్డింగు చూసి, అయితే నకిలీ వ్యాపారి ఎవరని మా ఇంట్లో జోకు. అక్కడ రియల్ అంటే నిజమైన అని కాదు, వస్తువుకు సంబంధించిన అని. పాత ఇంగ్లిష్ చట్టంలో భూమి పోతే ఆ భూమినే తిరిగి ఇప్పించేవారు, మిగతా వాటికి చాలావరకు డబ్బు రూపంలో పరిహారం. వస్తువే తిరిగొచ్చే ఆస్తి కాబట్టి దానికి రియల్ అని పేరు.

కానీ ‘రి’తో మొదలయ్యే ప్రతిదీ మన చుట్టం కాదు. రిటర్న్, రిపీట్, రిపేర్‌లలో ఉన్నది ‘మళ్లీ’, ‘వెనక్కి’ అనే ఉపసర్గ. రియల్ మాడ్రిడ్‌లోని రియల్ స్పానిష్ మాట, రాజుకు సంబంధించినది, దాని మూలం వేరు. ఫ్రెంచిలో ‘రియాఁ’ అంటే ‘ఏమీ లేదు’ అని అర్థం, అది మాత్రం మనదే. లాటిన్ రెమ్ నుంచి వచ్చింది. ‘వస్తువు’ అన్న మాట ఎప్పుడూ ‘లేదు’తో కలిసి తిరిగి తిరిగి చివరికి తానే ‘లేదు’ అయిపోయింది.

వాడేటప్పుడు

కొత్త మెయిల్ రాస్తూ సబ్జెక్టులో మీ అంతట మీరు ఆ రెండక్షరాలు పెట్టకండి. లాటిన్ ప్రకారం తప్పు కాకపోయినా, పాత మెయిల్‌కు జవాబని అందరూ పొరబడతారు. ఇంగ్లిష్ ఉత్తరంలో అభ్యర్థన మొదలుపెట్టే ముందు రాయవచ్చు. తెలుగు అర్జీలో మనం ‘విషయం:’ అని రాసేది సరిగ్గా అదే. ఆ లెక్కన సబ్జెక్ట్ గడిలో ఈ రెండక్షరాలుంటే ‘విషయం: విషయం:’ అని రెండుసార్లు రాసినట్టే, కానీ ప్రపంచమంతా అలవాటు పడిపోయింది.

అనువాదం చేస్తుంటే రేస్‌కు ఒకే తెలుగు మాట ఖాయం చేసుకోకండి. నేను ముందు విభక్తి చూస్తాను, తర్వాత పక్కమాట, ఆ తర్వాతే వస్తువా, సంగతా, ఆస్తా, వ్యాజ్యమా అని ఎంచుకుంటాను. నాలుగూ కుదరకపోతే ‘వ్యవహారం’ చాలాసార్లు గట్టెక్కిస్తుంది.

ఇక మీరు రెండు ప్రయత్నించండి. కథను నడిమధ్యలో ఎత్తుకోవడాన్ని ‘ఇన్ మెడియాస్ రేస్’ అంటారు. బొమ్మలు గీసి వాటి పేర్లు కలిపితే మాట వచ్చే పొడుపును ఇంగ్లిష్‌లో ‘రీబస్’ అంటారు. వీటిలో ఏది ఏ విభక్తి?

మొదటిది ద్వితీయా బహువచనం, సంగతుల నడుమలోకి. రెండోది అబ్లేటివ్ బహువచనం రేబుస్, వస్తువులతో, అంటే అక్షరాలతో కాకుండా బొమ్మలతో చెప్పడం.